కాక నేర్పిన కెమిస్ట్రీ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఇంట్లో అందరూ అంటారు. నేను ఒప్పుకోను. ఒప్పుకోకపోవడం కూడా కోపంగానే చేస్తాను. కానీ ఆ ఏడాది నా కోపానికి న్యాయమైన కారణం ఉందని ఇప్పటికీ అనుకుంటున్నాను. పీజీ ఎంట్రెన్స్ రాశాను, ర్యాంకు తెచ్చుకున్నాను, సర్టిఫికెట్లు చూసే రోజున ఫైలు పట్టుకుని యూనివర్సిటీ కౌంటర్ ముందు నిలబడ్డాను. కౌంటర్‌లో ఉన్న పెద్దాయన నా మెమోలు ఒకటొకటిగా తిప్పి, చివరికొచ్చాక మళ్ళీ మొదటి నుంచి తిప్పాడు.

"కెమిస్ట్రీ ఏదమ్మా?"

"లేదు సార్. మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్."

"మరి గీ కోర్సుకు డిగ్రీల కెమిస్ట్రీ ఉండాలె గదా."

"ఎంట్రెన్స్‌ల కెమిస్ట్రీ ప్రశ్నలు రాసిన సార్. ర్యాంకు వచ్చింది."

ఆయన నన్ను జాలిగానే చూశాడు. "కార్డు లేకున్నా పెండ్లికి పోతే అన్నం పెడ్తరు బిడ్డా. గీడ పెట్టరు," అని ఫైలు నా వైపు తోశాడు. లైన్లో వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నేను వెనక్కి తిరిగి చూసిన చూపుకి ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. బయటికొచ్చి బస్టాపులో కూర్చున్నాక మాత్రం ఏడుపు ఆగలేదు.

మాది గౌలిపుర. బాపు నీళ్ళ ఆఫీసులో లైన్‌మన్. పొడుగాటి ఇనుప తాళంచెవి భుజాన వేసుకుని గల్లీ గల్లీ తిరిగి వాల్వులు తిప్పి నీళ్ళు వదులుతాడు. మా గల్లీ చివర ఆడపిల్లల కాలేజీ ఉండేది. అందులో ల్యాబ్ లేదు. ల్యాబ్ లేదు కాబట్టి ఎంపీసీ లేదు, ఎంపీసీ లేదు కాబట్టి నేను ఇంటర్‌లో ఎంఈసీ తీసుకున్నాను. డిగ్రీ కూడా ఆ గేటులోనే చదివాను. ఎవరూ బలవంతం చేయలేదు. నడిచి పోవచ్చు, మధ్యాహ్నం ఇంటికొచ్చి వేడన్నం తినొచ్చు. పదిహేనేళ్ళ వయసులో నాకు అంతకు మించిన ఆలోచన తోచలేదు.

డిగ్రీ అయ్యాక ఒక ప్రైవేటు ల్యాబ్‌లో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం దొరికింది. నీళ్ళు పరీక్ష చేసే ల్యాబ్ అది. లోపలి గదిలో వాళ్ళు పరీక్ష చేసి చీటీ రాసిస్తే, బయటి గదిలో నేను రిపోర్టు టైప్ చేయాలి. పీహెచ్ ఇంత, క్లోరైడ్ ఇంత, నైట్రేట్ ఇంత. ఒకరోజు పురానాపూల్ వైపు ఒక ఇంటి బోరు నీళ్ళ రిపోర్టు వచ్చింది. నైట్రేట్ అంకె మామూలుకి ఎన్నో రెట్లుంది. ఇది ఎందుకింత ఉంది, తాగితే ఏమవుతుంది అని లోపలికెళ్ళి అడిగాను. "నీ పని టైప్ చేయడం కదా," అన్నారు. ఆ మాటతో నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ సాయంత్రమే కోఠీ ఫుట్‌పాత్ మీద పాత కెమిస్ట్రీ పుస్తకాలు నాలుగు కొన్నాను. ఏడాదిన్నర చదివాను. ఎమ్మెస్సీ చేసి ఆ లోపలి గదిలోకి పోవాలి. నా కోరికంతా అదే.

ఆ కౌంటర్ తర్వాత ఇంకో రెండు చోట్ల అప్లై చేశాను. రెండు చోట్లా అదే జవాబు. కెమిస్ట్రీ కావాలంటే మళ్ళీ మూడేళ్ళ డిగ్రీ మొదటి నుంచి చదవాలి, ఇరవై నాలుగేళ్ళ వయసులో. ఇక నాలుగోది, చివరిది, ఊరి బయట ఉన్న ఒక ఇన్‌స్టిట్యూట్. దాని నోటిఫికేషన్‌లో అట్టడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది: డిగ్రీలో కెమిస్ట్రీ లేనివారు ప్రాక్టికల్ పరీక్షలోనూ ఇంటర్వ్యూలోనూ తమ సామర్థ్యం చూపితే పరిశీలిస్తారు. ప్రాక్టికల్ అంటే ఒక తెల్లటి పొడి చేతికిస్తారు. దానిని సాల్ట్ అంటారు. మూడు గంటల్లో అది ఏ సాల్టో పరీక్షలు చేసి తేల్చాలి. నేను అప్పటిదాకా టెస్ట్‌ట్యూబ్ చేత్తో పట్టుకోలేదు.

ట్యూషన్ సెంటర్లు తిరిగాను. "థియరీ చెప్తం, ప్రాక్టికల్ చెప్పం" అన్నారు. అన్నం తింటూ ఈ సంగతి చెప్పి విసుక్కుంటుంటే బాపు నెమ్మదిగా అన్నాడు.

"యాకుత్‌పురాల స్టేషన్ ఎనకాల ఒకాయన ఉంటడు. సర్కారు కాలేజీల ల్యాబ్ అటెండర్ చేసి రిటైరైండు. ఆ గల్లీల నీళ్లు ఇడిచేటప్పుడు రోజు ముచ్చట పెడ్తడు. నీ సంగతి చెప్పిన."

"అటెండరా? బాపు, నాకు లెక్చరర్ గావాలె."

"లెక్చరర్‌ను యాడికెళ్లి తేవాలె? ఉన్నోణ్ని తెచ్చిన."

ఆదివారం నన్ను బండెక్కించుకుని తీసుకెళ్ళాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడాయన. నేను ఆయనను కాకా అనీ, ఆయన భార్యను చిన్నమ్మా అనీ పిలిచాను. నాకు ముందు కనిపించింది ఆయన వేళ్ళు. చివర్లు నున్నగా, గీతలే లేకుండా ఉన్నాయి. ముప్పై నాలుగేళ్ళు యాసిడ్లతో కడిగిన వేళ్ళు. రేషన్ షాపులో మెషీన్ ఆయన వేలిముద్ర తీసుకోదట. నెలనెలా లొల్లేనని చిన్నమ్మ చెప్పింది.

"సాల్ట్ అనాలిసిస్ వస్తదా?" అని అడిగాడు.

"పుస్తకంల చదివిన కాకా."

"ఈత గూడ పుస్తకంల చదివి మూసీల దుంకుతవా?"

"మూసీల ఎవరు దుంకుతరు కాకా, తెలివున్నోళ్లు?" అన్నాను. ఆయన పెద్దగా నవ్వాడు. బాపు నా వైపు కళ్ళెర్రజేశాడు. నాకేమో ఆ నవ్వుతో కొంచెం ధైర్యం వచ్చింది.

ఇంటి వెనక రేకుల షెడ్డు కింద, బట్టలుతికే బండ పక్కన ఆయన ల్యాబ్. కాలేజీలో పాత ల్యాబ్ కూలగొట్టినప్పుడు అంచులు పగిలాయని పారేసిన టెస్ట్‌ట్యూబులు ఏరుకొచ్చి దాచుకున్నాడు. కొయ్యతో స్టాండు ఆయనే చేసుకున్నాడు. నా కోసం ల్యాబ్ సామాన్ల దుకాణానికి పోయి కావలసిన పొడులన్నీ కొంచెం కొంచెం తెచ్చి, ఊరగాయ సీసాల్లో పోసి, తెలుగులో చీటీలు అంటించాడు. అమ్మోనియం క్లోరైడ్ సీసా మీద మాత్రం "నౌసాదర్" అని ఉండేది. గిన్నెలకు కలాయి పెట్టేవాళ్ళు వాడే పేరు అది.

మూడు నెలలు ఆదివారాలు, సెలవు రోజులు అన్నీ అక్కడే గడిపాను. ఆయన చెప్పే పద్ధతి వేరు. "గిది ఏయ్. ఊపు. ఆగు. చూడు. ఏం రంగు?" అంతే. నేను తెలుపు అంటే, "ఏం తెలుపు? పాల తెలుపా, గంజి తెలుపా, సున్నం తెలుపా?" అనేవాడు. మొదటి నెలంతా నాకు అన్ని తెలుపులూ ఒకటే. రెండో నెలకి తేడా తెలిసింది. ఏది తీసినా చిటికెలో సగమే తీయమనేవాడు. "స్టాకు మార్చి దాక రావాలె." రిటైరయ్యాక ఏ మార్చి, ఏ స్టాకు? అయినా నేను కొంచెం ఎక్కువ తీస్తే చెయ్యి పట్టుకుని సగం మళ్ళీ సీసాలో పోయించేవాడు.

ఒక పరీక్షకి కుళ్ళిన కోడిగుడ్డు వాసనొచ్చే గ్యాసు కావాలి. మొదటిసారి దాన్ని తయారు చేసిన రోజు గల్లీ మొత్తం కదిలిపోయింది. పక్కింటి ఆవిడ డ్రైనేజీ పొంగిందని నీళ్ళ ఆఫీసుకి ఫోన్ కొట్టింది. అరగంటలో మనుషులు గడ్డపారలేసుకుని దిగి, రెండు మ్యాన్‌హోళ్ళు తెరిచి, అంతా బాగానే ఉందే అని తల గోక్కుంటున్నారు. వాళ్ళ వెనక మా బాపు కూడా వచ్చాడు. షెడ్డులోకి తొంగిచూసి, మా ఇద్దరినీ ముక్కులకు గుడ్డలతో చూసి, తిరిగిపోయి వాళ్ళతో, "లైన్ క్లియర్ ఉన్నది. మూసేయిన్రి," అన్నాడు. కాక ఆ వారమంతా తలుచుకుని తలుచుకుని నవ్వాడు.

ఆయన దగ్గర లేనిది ఒకటుంది. ఏది కలిపితే ఏమవుతుందో ఆయనకి తెలుసు, ఎందుకవుతుందో తెలియదు. ఇంటర్ తప్పాడు. నేను పుస్తకం తెరిచి సమీకరణం రాసి చూపిస్తే, దాని వైపు కొంచెం అనుమానంగా చూసేవాడు. ఒకరోజు సిల్వర్ నైట్రేట్ వేస్తే తెల్లగా పెరుగులా ఎందుకు విరుగుతుందో బండ మీద బొగ్గుతో రాసి చెప్పాను. ఆయన చాలాసేపు ఆ రాత వైపే చూశాడు.

"తెల్లగైతదని ముప్పై నాలుగేండ్ల సంది తెల్సు బిడ్డా. ఎందుకైతదో ఇయ్యాల్నే తెలిసింది," అన్నాడు. చిన్నమ్మ బట్టలు తెస్తే, ఇయ్యాల ఈ బండ మీద ఉతకొద్దని చెప్పాడు.

ప్రాక్టికల్ పరీక్షల కథలు కూడా చెప్పేవాడు. పరీక్ష రోజు పిల్లలు నల్లా దగ్గర ఆయనను పట్టుకుని, "అన్నా, నా సాల్ట్ ఏంది?" అని బతిమాలేవాళ్ళట. సీసాలు పెట్టేది ఆయనే కదా, ఎవరికి ఏది వచ్చిందో ఆయనకే తెలుసు. స్టాండు ముందు పెడుతున్నట్టు వంగి చెవిలో పేరు చెప్పేసేవాడట. దీనికి ఆయన ఏమీ తీసుకోలేదు, మహా అయితే ఒక చాయ్. "ఏం చెయ్యాలె బిడ్డా, మొఖాలు చూస్తే పానం ఒప్పకపోయేది. ఏ కాలేజీలనైన గంతే. అటెండర్లం అందరం గంతే." నేనూ నవ్వాను. అప్పుడు నాకు అది నవ్వే సంగతే.

పరీక్ష నాటికి సాల్టులు ఇరవై దాకా నా చేతుల మీదుగా పోయాయి. ముందు రోజు కాక ఏది కలిపిచ్చినా చెప్పగలిగాను. "ఇగ ఫికర్ లేదు, పో," అన్నాడు గానీ, ఆయన ముఖంలోనే ఫికర్ కనిపించింది. నా పరీక్ష గురించి బెంగ అనుకున్నాను.

ఇన్‌స్టిట్యూట్ ల్యాబ్ పెద్దది, తెల్లగా, మా షెడ్డు లాంటివి పది పట్టేలా ఉంది. నాలాంటి వాళ్ళం నలుగురం వచ్చాం. పరీక్ష తీసుకునే ప్రొఫెసర్ గారు ఒక మూల బల్ల దగ్గర కాగితాలు చూసుకుంటున్నారు. నడి వయసు అటెండర్ ఒకతను నా ముందు స్టాండు పెట్టాడు, పొడి ఉన్న పొట్లం పెట్టాడు, పొట్లం సరిచేస్తున్నట్టు వంగాడు.

"బేరియం క్లోరైడ్ చెల్లే. యాకుత్‌పురా కాక ఫోన్ చేసి చెప్పిండు, జర చూసుకోమని."

చెప్పి పక్క బల్లకి వెళ్ళిపోయాడు. ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళు మండిపోయింది. మూడు నెలలు! ఎండలో, ఆ గబ్బులో, ముక్కుకు గుడ్డ కట్టుకుని మూడు నెలలు నిలబెట్టి నేర్పించి, చివరికి నన్ను కూడా ఆ నల్లా దగ్గర బతిమాలే పిల్లల్లో కలిపేశాడు. నాకేమీ రాదనే కదా దీని అర్థం!

చేసేద్దామనే మొదలుపెట్టాను. సిల్వర్ నైట్రేట్ వేశాను. తెల్లగా విరిగింది. కానీ అది నా కళ్ళు చూశాయా, ఆ మాట విన్న చెవి చూపించిందా నాకు తెలియలేదు. తర్వాత ఏం చేసినా అది బేరియమే అవుతుంది, క్లోరైడే అవుతుంది, నాకు వచ్చా రాదా అన్నది ఇక ఎప్పటికీ తెలియదు. టెస్ట్‌ట్యూబ్ స్టాండులో పెట్టి ప్రొఫెసర్ బల్ల దగ్గరికి పోయాను. అప్పటికి ముప్పావు గంట అయిపోయింది.

"సార్, నాకు వేరే సాల్ట్ ఇవ్వండి."

"ఏమైందమ్మా? ఒలికిపోయిందా?"

"లేదు సార్. అదేమిటో నాకు ముందే తెలిసిపోయింది."

"ఎట్లా?"

గది అవతల అటెండర్ చేతిలో బీకరు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అతని ముఖంలో నెత్తురు లేదు. అతని ఉద్యోగం నా నాలుక చివర ఉంది. కోపంలో నేను ఏమైనా అనేస్తానని ఇంట్లో వాళ్ళు భయపడతారు. ఆ రోజు నాకే భయమేసింది.

"ఎట్లా అని మాత్రం అడగకండి సార్. వేరేది ఇవ్వండి చాలు."

ఆయన నన్ను చూశారు, ఒక్క క్షణం గది అవతలికి చూశారు. కుర్చీలోంచి లేచి, అలమారలోంచి తనే ఒక సీసా తీసి, తన చేత్తోనే పొట్లం కట్టి ఇచ్చారు. "టైం పెంచను," అన్నారు.

మిగిలింది రెండుంపావు గంట. సాల్ట్‌లో రెండు సగాలుంటాయి, రెండూ కనిపెట్టాలి. మొదటి సగం సల్ఫేట్ అని గట్టిగా తేలింది. ఎవరూ చెప్పలేదు, నేనే చూశాను. ట్యూబులో దిగిన ఆ తెలుపు కాక చెప్పిన సున్నం తెలుపే. రెండో సగం ఏ లోహమో తేలాలంటే గ్రూపు తర్వాత గ్రూపుగా పరీక్షిస్తూ పోవాలి. మూడో గ్రూపులో తెల్లటి ముద్ద ఒకటి దిగింది. అక్కడ తెల్లగా దిగితే అల్యూమినియం. దాన్ని ఖాయం చేసే చివరి పరీక్ష సరిగా రాలేదు. టైం అయిపోయింది. అల్యూమినియం సల్ఫేట్ అని రాసిచ్చేశాను.

ప్రొఫెసర్ కాగితం చూసి, "సల్ఫేట్ కరెక్టు. అల్యూమినియం కాదు," అన్నారు. నాలుగో చోటు కూడా పోయిందనుకున్నాను. ఆయన మాత్రం కాగితం పక్కన పెట్టి, "మూడో గ్రూపు నా ముందు మళ్ళీ చెయ్యి," అన్నారు.

చేశాను. అమ్మోనియం క్లోరైడ్ దగ్గరికొచ్చేసరికి ఆయన నా చెయ్యి ఆపారు.

"ఎంత వేస్తున్నావు?"

వేలి చివర ఉన్న పొడి చూపించాను. చిటికెలో సగం.

"పప్పులో ఉప్పు కూడా ఇంతకంటే ఎక్కువ వేస్తారమ్మా. ఇది నిండుగా వేస్తేనే తర్వాతి గ్రూపులవి ఇక్కడ దిగకుండా ఆగుతాయి. చెంచా నిండా వెయ్యి."

వేశాను. ఈసారి మూడో గ్రూపులో ఏమీ దిగలేదు. అలాగే చివరి గ్రూపు దాకా పోయాను. ఆఖర్న ఫాస్ఫేట్ పోసి, గాజు కడ్డీతో ట్యూబు గోడ గీకితే, గీకిన చోట తెల్లటి నలుసులు మెల్లగా పుట్టాయి.

"మెగ్నీషియం," అన్నాను.

"మెగ్నీషియమే. చెయ్యి బాగుంది నీది. ఈ పిసినారితనం ఎవరు నేర్పారు?"

"మా సార్."

"ఏ కాలేజీ?"

"సర్కారు కాలేజీ సార్. రిటైరయ్యారు."

"లెక్చరరా?"

అవునన్నట్టు తల ఊపాను. అటెండర్ అన్న మాట నా నోట్లోంచి రాలేదు. ఆ తెల్లటి గదిలో, ఆ పెద్దమనిషి ముందు, ఒక అటెండర్ దగ్గర రేకుల షెడ్డు కింద నేర్చుకున్నానంటే ఆ 'చెయ్యి బాగుంది' అన్న మాట వెనక్కి తీసుకుంటారేమోనని భయం. భయమని చెప్పుకుంటున్నాను గానీ, సిగ్గు. ప్రొఫెసర్ నవ్వి, "స్టాకు లేని ల్యాబుల్లో బతికిన మనిషై ఉంటాడు. మంచి సారే," అన్నారు. అటెండర్ అక్కడే బల్ల తుడుస్తున్నాడు. తర్వాత ఇంటర్వ్యూలో ఏం అడిగారో, నేనేం చెప్పానో సగం గుర్తులేదు. పురానాపూల్ బోరు నీళ్ళ సంగతి చెప్పినట్టు మాత్రం గుర్తు.

రెండు వారాలు యాకుత్‌పురా వైపు పోలేదు. "కాక అడిగిండు బిడ్డా, ఎందుకు వస్తలేవని," అని బాపు రెండుసార్లు చెప్పాడు. "టైం లేదు," అన్నాను. కోపం అలాగే ఉంది. ఫలితాలొచ్చాయి. నాకు సీటిచ్చారు, ఒక షరతు మీద: మొదటి ఏడాది డిగ్రీ పిల్లలతో కలిసి కూర్చుని కెమిస్ట్రీ చదివి పాసవ్వాలి. నాకంటే ఆరేళ్ళు చిన్న పిల్లలతో. కూర్చుంటాను, నేల మీద కూర్చోమన్నా కూర్చుంటాను! అమ్మ చక్కెర తెచ్చి నోట్లో పోసింది. బాపు మాత్రం, "పోయి ఆయనకు చెప్పిరా. నేను చెప్ప. నువ్వే చెప్పాలె," అన్నాడు.

దారి పొడుగునా అనాల్సిన మాటలు వరసగా పేర్చుకుంటూ పోయాను. కాక గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేవబోయి, నా ముఖం చూసి మళ్ళీ కూర్చున్నాడు. చిన్నమ్మ ఇచ్చిన నీళ్ళు కూడా తాగకుండా మొదలుపెట్టాను.

"ఎందుకు ఫోన్ చేసినవ్ కాకా? నాకేం రాదనా? గట్లైతే మూడు నెలలు ఎందుకు చేపిచ్చినవ్? మొదాలే చెప్తే నేను ఇంట్లనే ఉంటుంటి గదా!"

ఆయన అడ్డు చెప్పలేదు. నేను అనాల్సినవన్నీ అనేదాకా ఆగాడు.

"నీ మీద అనుమానం గాదు బిడ్డా. నా మీద."

"నా తాన్కి వచ్చినోళ్లందరు పేరు అడిగిన్రు. ఎట్ల చెయ్యాల్నో ఎవ్వరు అడగలే. నువ్వొక్కదానివే అడిగినవ్. అడిగినవని చెప్పుకుంట పోయిన. నేను చెప్పేది ఒప్పో తప్పో చూసెటోడు లేడాయె. ఇంటర్ తప్పినోణ్ని. రేపు పరీక్ష అనంగ గుబులైంది. నేనేమన్న తప్పు నేర్పి ఉంటే ఈ పిల్ల గతేంది అని. నా చేతుల ఉన్నది గా ఫోన్ ఒక్కటే. చేసిన."

నౌసాదర్ తక్కువ వేయబట్టే మొదట తప్పు రాసిన సంగతి గొంతు దాకా వచ్చింది, మింగేశాను. "సీటొచ్చింది కాకా," అన్నాను. చిన్నమ్మ లోపల్నుంచి పరుగెత్తుకొచ్చి నా తల పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టింది. ఆయన లేవలేదు. నున్నటి వేళ్ళతో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఆడి అటెండర్ ఫోన్ చేసిండు నాకు. నువ్వు నా పేరు, ఆయన పేరు బయటికి రానియ్యకుండ వేరే సాల్ట్ అడిగినవంట. నేను చేసిన పనికి సిగ్గుతోని సచ్చిన బిడ్డా. ఇంకొకటి గూడ చెప్పిండు. పెద్ద సారు ఎవరు నేర్పిన్రు అని అడిగితే, 'మా సార్' అన్నవంట?"

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. లెక్చరరా అంటే నేను ఊపిన తల సంగతి ఆ అటెండర్ చెప్పలేదో, చెప్పినా ఈయన వినలేదో.

"అవును కాకా. అన్న," అన్నాను.

"ముప్పై నాలుగేండ్లు సార్లకు చాయ్‌లు తెచ్చిచ్చిన," అని చిన్నమ్మ వైపు తిరిగాడు. "విన్నవా? సార్ అన్నదంట, గంత మంది ముందట." ముగ్గురు పిల్లలు, ఒక ప్రొఫెసర్, ఒక అటెండర్. ఆయనకి అది గంత మంది.

కుర్చీ నా వైపు జరుపుకున్నాడు.

"మళ్లొక్కసారి చెప్పు బిడ్డా. ఆయన ఏమని అడిగిండు, నువ్వేమన్నవ్?"

నేను నీళ్ళు తాగి, మొదటి నుంచి మళ్ళీ చెప్పాను. 'మా సార్' అన్న దగ్గర ఆపేశాను.